ఆశ ఒకరిది, చెయ్యి ఇంకొకరిది

కలకత్తా నుంచి హుగ్లీ వెంట దిగువకు పోతే డైమండ్ హార్బర్, కాక్‌ద్వీప్, సాగర్ ద్వీపం దాటాక గాని నీళ్లు బురదరంగు వదలవు. ఆ పైన తూర్పుగా సాగితే, సుందరవనాల ఒడ్డుకు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో సముద్రం అడుగు ఒక్కసారిగా తెగిపోతుంది. పాత ఓడలవాళ్లు సీసపు గుండు కట్టిన తాడు విడిచి లోతు కొలిచేవారు. ఇక్కడ గుండు నేలకు తగిలేది కాదు. ఇంగ్లీషు పటాల్లో ఆ లోయ పేరు స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన మట్టి ఎన్నో లక్షల ఏళ్లుగా ఇలాంటి లోయల గుండా జారి, బంగాళాఖాతం అడుగున 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది.

ఈ కథ ఆ లోయ అంచున జరిగింది. ఆ నీళ్ల మీద ఇంకా సరిహద్దు గీతలు పడని రోజులవి.

కలకత్తాలో ఒక జనపనార వ్యాపారి ఉండేవాడు. గాలం వేట ఆయనకు ప్రాణం. చెరువుల్లో రోహు, కట్ల పట్టిపట్టి విసుగెత్తింది. ఒకనాడు అమెరికా పత్రికలో ఒక ఫోటో చూశాడు. తనంత ఎత్తున్న సూర (ట్యూనా) చేపను తలకిందులుగా వేలాడదీసి, పక్కన రాడ్డు పట్టుకుని ఒక దొర నిలబడ్డాడు. ఆ రాత్రి వ్యాపారికి నిద్ర పట్టలేదు. నా ఇంటి గోడ మీద కూడా అలాంటి ఫోటో ఉండాలి అనుకున్నాడు. పెద్ద రీలు తెప్పించాడు, ఇంజను బోటు ఒకటి బాడుగకు మాట్లాడాడు.

బోటు సరంగు తెలుగువాడు. తాతల కాలంలో గంజాం తీరం నుంచి పూరీ చేరిన కుటుంబం వాళ్లది. పూరీలో వాళ్లను నోలియాలంటారు. జగన్నాథుడి దర్శనానికి వచ్చినవాళ్లు సముద్రంలో దిగితే, చెయ్యి పట్టుకుని అలల్లో ముంచి తేల్చేది వాళ్లే. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు విడవాలో తెలిసిన చేతులు అవి. సరంగు వెంట మేనల్లుడు వచ్చాడు. ఇరవై దాటని కుర్రాడు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు వాడి మెడ మీద ఉంది.

మూడోనాటి తెల్లవారుజామున బోటు లోయ అంచుకు చేరింది. వ్యాపారి గాలానికి బరువు కట్టి లోతుకు దింపబోయాడు. సరంగు అడ్డుపడ్డాడు.

“అడుగున ఏటుంటాది బాబూ? సూర అక్కడ ఉండదు. పైనే తిరుగుతాది. ఈ అంచుకొచ్చి నీరోడు గోడకి గుద్దుకుంటాడు. గుద్దుకుని అడుగు సల్లదనం పైకెత్తుతాడు. ఆ నీటికి నెత్తళ్లొస్తాయి, కవ్వళ్లొస్తాయి. ఆటి కోసం సూరొస్తాది. పిట్టల్ని సూడండి, నీటిని కాదు.”

ప్రవాహాన్ని ఆయన ‘నీరోడు’ అనేవాడు, మనిషిని పిలిచినట్టు. చెప్పినట్టే దూరంగా పిట్టల గుంపు నీళ్ల మీదికి దూకుతూ లేస్తూ కనిపించింది. బోటు అటు తిరిగింది. బతికున్న కవ్వను ఎరగా గుచ్చి, పదిహేను బారల దారం వదిలారు.

చేప పట్టింది. రీలు కీచుమంటూ తిరిగింది. చూస్తుండగా వంద బారలు, నూటయాభై బారలు దారం పోయింది. సూర చేప రక్తం చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంటుంది. అందుకే దాని కండరం అలసిపోదన్నంతగా ఈదుతుంది. గంట గడిచింది. వ్యాపారి చేతులు వణికాయి, నడుము పట్టేసింది. ఆయనను మెచ్చుకోవాలి, రాడ్డు మాత్రం వదల్లేదు. చివరికి చేప పైకి తేలింది. పసుపు రెక్కలు ఎండలో మెరిశాయి. మనిషి బరువుకు తక్కువ ఉండదు.

రీలు దారం చివర, గాలానికి ముందు, రెండు బారల లావు తాడు ఉంటుంది. చేప దగ్గరికి వచ్చాక ఆ తాడును ఎవరో ఒకరు చేత్తో పట్టి లాగాలి. ఆ పని కుర్రాడిది. వాడు వంగి తాడు అందుకున్నాడు. చేప ఒక్క విదిలింపు విదిలించింది. తాడు అరచేతిలో జారింది. వ్యాపారి అరిచాడు.

“వదలకు! రెట్టింపు కూలీ ఇస్తాను!”

తాడు ఇంకా జారుతోంది.

“మూడింతలు ఇస్తాను!”

కుర్రాడు ఆ మాట విన్నాడు. మణికట్టు చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పాడు. అప్పుడే చేప కిందికి తిరిగింది. వాడి పాదాలు బోటు చెక్క మీద జారాయి, మోకాళ్లు అంచుకు కొట్టుకున్నాయి, సగం ఒళ్లు నీటి మీదికి వంగిపోయింది. సరంగు ఇంజను విడిచిపెట్టి ఒక్క అంగలో వచ్చాడు. మొలలో కత్తి తీసి తాడు కోశాడు. కుర్రాడు వెల్లకిలా పడ్డాడు. చేప లోయలోకి పోయింది.

వ్యాపారి మొహం ఎర్రబడింది. “నా చేపను పోగొట్టావు. గంటసేపు నేను పడ్డ కష్టం పోగొట్టావు.”

“పోగొట్టాను బాబూ. పిల్లోణ్ని దక్కించుకున్నాను.”

“వాణ్ని తాడు చుట్టుకోమని నేను చెప్పానా?”

సరంగు మేనల్లుడి చెయ్యి ఎత్తి చూపించాడు. మణికట్టు మీద రెండు ఎర్రటి వాతలు. “ఈ సుట్టు రెట్టింపుది. ఈ సుట్టు మూడింతలది. ఆడు కొత్తోడు కాడు. తాడు సేతికి సుట్టుకోకూడదని ఊహ తెలిసిన కాడి నుంచి ఆడికి తెలుసు. తమరు రాడ్డు ఎప్పుడైనా ఒగ్గెయ్యొచ్చు. ఒగ్గేస్తే ఫోటో పోతాది. ఆడు ఒగ్గేస్తే అప్పు అలాగే ఉంటాది. అందుకే ఆడు ఒగ్గలేదు.”

వ్యాపారి బదులు పలకలేదు. బోటు కిడ్డర్‌పూర్ రేవుకు తిరిగి వచ్చింది. మాట్లాడుకున్న బాడుగ చెల్లించి ఆయన వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగాక మళ్లీ వచ్చాడు, అదే సరంగును వెతుక్కుంటూ. బోటు ఎక్కకముందే కుర్రాణ్ని పిలిచి మూడింతల కూలీ చేతిలో పెట్టాడు. “చేప పడినా పడకపోయినా ఇది నీదే” అన్నాడు. ఆ సారి కూడా పెద్ద సూర పడింది. తాడు కుర్రాడి చేతికి అందింది. చేప విదిలించింది. వ్యాపారే ముందుగా అరిచాడు, “ఒగ్గెయ్!” అని. కుర్రాడు వదిలాడు. చేప ఇంకో నూరు బారలు పోయి అలసి తిరిగి వచ్చింది. మూడోసారికి బోటులో పడింది.

నీతి: ఒకరి ఆశకు ఇంకొకరి చెయ్యి తాడు కాకూడదు. సాహసానికి వెల పెంచేవాడు ప్రమాదాన్ని తన చేతిలోంచి తీసి ఎదుటివాడి చేతిలో పెడుతున్నాడు. “నేను చెప్పలేదు” అన్న మాట అతణ్ని కాపాడదు. అవసరంలో ఉన్నవాడి ముందు పెట్టిన డబ్బు ఆజ్ఞతో సమానం.

ఇందులో నేను కల్పించింది మనుషుల్ని, వాళ్ల కథను మాత్రమే. చివరి తాడు పట్టే పద్ధతి నిజమే. వినోదపు వేటకు ప్రపంచమంతా పాటించే నియమాలను 1939లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఐజీఎఫ్ఏ రాసింది. వాటి ప్రకారం రాడ్డును, దారాన్ని వేటగాడు తప్ప ఎవరూ ముట్టుకోరాదు. చివరి లావు తాడును మాత్రం బోటు మనిషి పట్టుకోవచ్చు. చేప బోటుకు బాగా దగ్గరగా వచ్చి, భయంతో మిగిలిన బలమంతా చూపించే ఆ క్షణంలో తాడు ఉండేది కూలికి వచ్చినవాడి చేతిలో. రికార్డు పుస్తకంలో పేరు మాత్రం వేటగాడిది. అలా తాడు చేతికి చిక్కుకుని నీళ్లలోకి పోయిన బోటు మనుషులు ఆ ఆట చరిత్రలో ఉన్నారు.

మన ఒడ్డున ఇది ఆట కూడా కాదు. విశాఖ, అనకాపల్లి తీరాల్లో చిన్న బోట్ల మీద పోయి, రాడ్డూ రీలూ లేకుండా ఒట్టి చేతులతో సూరల్ని, కొమ్ముకోనం (మార్లిన్) చేపల్ని లాగుతారు. 2025 జులైలో పూడిమడక మత్స్యకారుడొకరి గాలానికి దాదాపు 100 కిలోల కొమ్ముకోనం పడింది. దాన్ని లాగుతుండగా అదే ఆయనను సముద్రంలోకి లాక్కుపోయింది. ఆయన ఎందుకు విడిచిపెట్టలేదు అని అడిగేవాళ్లు ఆ చేప ఖరీదునూ, డీజిలు ఖర్చునూ, ఇంటి అప్పునూ పక్కపక్కన పెట్టి లెక్క చూడాలి. వదిలెయ్యగలగడం కూడా ఒక ఆస్తి. అది అందరికీ ఉండదు.

కథలోని లోయ అంచుకు ఇప్పుడు కలకత్తా బోట్లు పోవడానికి లేదు. 2014లో హేగ్ ట్రిబ్యునల్ తీర్పుతో భారత్, బంగ్లాదేశ్‌ల సముద్ర సరిహద్దు తేలింది. అదే ఏడాది బంగ్లాదేశ్ ఆ లోయలో 1,738 చదరపు కిలోమీటర్లను డాల్ఫిన్లు, తిమింగలాల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. పెద్ద చేప మీద మోజున్న కలకత్తావాళ్లు విమానమెక్కి అండమాన్ పోతారు. ఆ దీవుల్లో కూడా తెలుగు మత్స్యకారులు ఉన్నారు, శ్రీకాకుళం, విశాఖ ఒడ్డుల నుంచి పోయి స్థిరపడ్డవాళ్లు.

అక్కడికి వేటకు వెళ్లేవారికి నా విన్నపం. బోటు కదలకముందే కూలీ పూర్తిగా చెల్లించండి. చేప పడితే ఇంత, పడకపోతే ఇంత అని బేరం పెట్టకండి. తాడు పట్టేవాడికి మందపాటి గ్లవ్స్, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉన్నాయో లేదో చూడండి. పదునైన కత్తి ఒకటి చేతికందే చోట ఉంచండి. అవసరమైతే తాడు కోసేయమని బయలుదేరేటప్పుడే, బోటులో అందరూ వినేలా చెప్పండి.