అద్దె యిల్లు – కాయక ధర్మము

ఖైరతాబాదు పరిసరములైన అమీర్‌పేట, పంజాగుట్టలకు కంప్యూటరు శిక్షణ కొఱకును, ఉద్యోగ ప్రయత్నము కొఱకును జిల్లాలనుండి యువకులు వచ్చుచుందురు. నలుగురైదుగురు కూడి యొక వాటాను అద్దెకు తీసికొందురు. వారు ఖాళీచేసి పోయినపుడు ఒక్కొక్కచోట విరిగిన తలుపు గడియయు, పగిలిన వాష్‌బేసినును, మేకులతో తూట్లుపడిన గోడలును మిగులును. అపుడు యజమాని అడ్వాన్సు మొత్తమును ఉంచుకొనుట ధర్మమా? సహించి యూరకుండుట ధర్మమా?

మొదట అరుగుదలను, పాడుచేతను వేరుపఱచి చూడవలెను. సున్నము మాయుట, కుళాయి వాషరు అరుగుట కాపురమునకు సహజము. దానికి ప్రతిఫలమే అద్దె. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము సైతము సహజమైన అరుగుదలను మినహాయించియే, ఇంటిని తీసికొన్న స్థితిలో అప్పగింపవలెనని విధించినది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము తన పరిధిలోని యిండ్ల విషయమున, భవనపు విలువను మిక్కిలి తగ్గించు పాడుచేతను ఖాళీచేయించుటకొక కారణముగా అంగీకరించినది. అయినను నిర్ణయము రెంటు కంట్రోలరుది. యజమాని కోపమునది కాదు. తగిన కారణము లేక నీరు, దీపము నిలిపివేయుటను ఆ చట్టమే నిషేధించినది.

చట్టము హద్దును చూపును. మనస్సును దిద్దునది ధర్మము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించెను. గోడలో తాపీమేస్త్రి కాయకమున్నది. దానిని పాడుచేయుట ఆ శ్రమను అవమానించుటయే. అట్లే అడ్వాన్సు సొమ్ములో ఎక్కడో పొలము దున్నిన తండ్రి కాయకమున్నది. ఎనిమిది వందల మరమ్మతునకు ఎనిమిది వేలు పట్టుకొనుటయు ఆ శ్రమను దోచుటయే. గోడను పగులగొట్టినవాడును, గోడ పేర పరధనమును దాచుకొన్నవాడును చేసిన తప్పు ఒక్కటే.

మఱి క్షమ మాటేమి? బీద విద్యార్థి చేసిన నష్టమును యజమాని తాను భరించినచో అది దాసోహము. ఆ సొమ్మునే తరువాత వచ్చువాని అద్దెలో కలిపినచో అది క్షమ కాదు. ఒకని అప్పును మఱియొకని నెత్తిన వేయుట.

కావున ఇల్లిచ్చునాడే ఇరువురును గదిగదియు చూచి, ఉన్న లోపములను కాగితముపై వ్రాసికొని సంతకములు చేయవలెను. ఖాళీచేయునాడు ఆ కాగితమునే ముందుంచుకొనవలెను. పాడైనదానిని స్వయముగా బాగుచేయించు నవకాశమును అద్దెదారునకు మొదట నీయవలెను. చేయింపనిచో ఖర్చు రసీదు చూపి, అంతమాత్రమే తగ్గించి, మిగిలినది ఆనాడే చేతికీయవలెను. విఱిచినది బాగుచేయుట అద్దెదారుని కాయకము. లెక్క తప్పకుండుట యజమాని కాయకము. ఈ రెండును నెఱవేఱిన యింట వచ్చువాడును పోవువాడును శత్రువులుగా విడిపోరు.