మరల రమ్మని పిలిచేదేది?

ఒక ఉత్సవాన్ని చూచి వెళ్లిన యాత్రికుడు మరల అక్కడికే రావాలని ఎందుకు కోరుకుంటాడు? చక్కని రహదారులు, వసతి గృహాలు, కన్నుల పండువైన ప్రదర్శనలు అందుకు కారణాలని సాధారణంగా చెబుతారు. వసతి లేనిచోట ప్రయాణం కష్టమే. అయితే సౌకర్యం మనిషిని ఒకమారు రప్పించగలదు గాని, రెండవమారు రావాలన్న తపనను పుట్టించలేదు. ములుగు జిల్లా అడవుల నడుమ జరిగే మేడారం జాతర ఈ విషయాన్ని స్పష్టంగా తెలుపుతుంది.

రెండేళ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళ, నాలుగు రోజులపాటు జరిగే ఈ కోయల జాతరను 1996లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఇక్కడ చూడడానికి విగ్రహం లేదు. మొదటిరోజు కన్నెపల్లి నుండి సారలమ్మ గద్దెకు చేరుతుంది. మరునాడు చిలకలగుట్ట నుండి పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తోడ్కొని వస్తారు. గుట్టపై జరిగే పూజ బయటివారి కంటికి అందదు. పూజారి గుట్ట దిగుతుండగా పోలీసు తుపాకులు గాలిలో పేలుతాయి; ఒకనాడు కాకతీయ రాజ్యాన్ని ఎదిరించిందని జనం చెప్పుకొనే వీరవనితకు నేటి రాజ్యం సమర్పించే వందనమిది. లక్షలాది జనం కోరి వచ్చినది ఒక్క క్షణం కానవచ్చి, గుంపులో కనుమరుగవుతుంది. నాల్గవనాడు వనప్రవేశంతో గద్దెలు బోసిపోతాయి.

ఇట్టి జాతరలో యాత్రికునికి దక్కేది కొద్దిపాటి దృశ్యం మాత్రమే. ఆశ్చర్యమేమంటే, ఆ కొరతయే అతనిని వెనుకకు లాగుతుంది. ఆ జిల్లాలోనే పాలంపేటలో 1213 నాటి రామప్ప ఆలయం ఉన్నది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ శిల్పసౌందర్యం మేడారానికి ఏ విధంగానూ తీసిపోదు. కాని దానిని ఏనాడైనా చూడవచ్చు. అందుచేతనే చాలామంది ఒకమారు చూచి, ‘చూశాం’ అని తృప్తిపడతారు. జాతరను గురించి ఆ మాట అనడం సులభం కాదు.

భక్తుని విషయం వేరు. అతనిని రప్పించేది మొక్కు. కోరిక కోరేది ఒక జాతరలో, అది తీరితే చెల్లించేది మరొక జాతరలో. జంపన్నవాగులో స్నానం చేసి, తన బరువుకు సరితూగే బెల్లాన్ని (అక్కడ దానిని ‘బంగారం’ అంటారు) అమ్మకు సమర్పించే మనిషికి తిరిగి రావడమంటే అప్పు తీర్చుకోవడం. మొక్కు లేని పర్యాటకునికి ఏ అప్పున్నది? అతని కోసం ఎవరూ కార్యక్రమాన్ని ఆపలేదు, ముందువరుసలో ఆసనం వేయలేదు. అతడు లేకున్నా జాతర జరిగేదే. అయినా అతనిని తోసివేయలేదు. పక్కన వంట చేసుకుంటున్న కుటుంబం ఒక ముద్ద పెట్టి ఉండవచ్చు. అతిథిగా కాక, పదిమందిలో ఒకడిగా ఉండనిచ్చినందుకు కలిగే కృతజ్ఞతకు వెల కట్టడం తెలియక, మనసు మరల అటే మళ్లుతుంది.

పర్యాటకుల కొరకే రూపొందిన ఉత్సవాలు తక్కువైనవని దీని అర్థం కాదు. నాగాలాండ్ ప్రభుత్వం 2000లో ఆరంభించిన హార్న్‌బిల్ ఉత్సవంలో నాగా తెగలు ఒక్కచోట కూడి తమ పాటలను, నృత్యాలను ప్రదర్శిస్తాయి. అదీ ఒక సేవయే. కాని మేడారాన్ని ఆ దారిలో నడిపించాలనుకోవడం పొరపాటు. గుట్టపై రహస్యాన్ని తెరపై చూపితే, గద్దెల చెంత ప్రముఖుల వరుసయే పొడవైతే, రాకపోకలు పెరగవచ్చు. తిరిగి రావలసిన పని మాత్రం ఉండదు.

జాతర ముగిసిన మరునాడు ఆ ఊరిలో మిగిలేది కోయలు, తొక్కుడుపడిన నేల, గుట్టలుగా చెత్త. రెండేళ్ల తరువాత వచ్చే యాత్రికుడు దిగేది కూడా ఆ నేలమీదనే. వాగు నీటిని, చెట్టు నీడను తాను వచ్చినప్పటివలెనే విడిచి వెళ్లాడా అని అతనిని అడిగే హక్కు అందరికంటే ముందు వారిది.