ఒకరి దివాలా, ఇద్దరి ఇల్లు

ధర్మరాజు మొదట ఓడినది తననా, భార్యనా అని ద్రౌపది కురుసభలో అడిగినది. సర్వము పోగొట్టుకొని తానే పరాధీనుడైనవానికి భార్యపై ఏమి అధికారము మిగులును? ధర్మము సూక్ష్మమని చెప్పి భీష్ముడంతటివాడు తప్పుకొనెను.

ఋణము మాట వచ్చునప్పటికి స్మృతికారులు ఇంత సంకోచింపలేదు. భర్త అప్పు భార్యయు, భార్య అప్పు భర్తయు తీర్చనక్కరలేదు, కుటుంబము కొరకు చేసినది తప్ప, అని యాజ్ఞవల్క్యుని నియమము. పశుపాలకులు, మద్యము అమ్మువారు, నటులు, బట్టలుతుకువారు, వేటగాండ్రు మాత్రము భార్య చేసిన అప్పును తీర్చవలెను. ఏలయన ఆ ఇండ్లలో బ్రతుకుతెరువు ఆమెపై ఆధారపడినది. పొయ్యి ఎవరి కష్టముతో వెలుగుచున్నదో ఆయన చూచినాడన్నమాట. కాని కరవులోను, ధర్మకార్యమునకును, వ్యాధిలోను, నిర్బంధములోను భర్త వాడుకొన్న స్త్రీధనమును తిరిగి ఈయనక్కరలేదన్నవాడును ఆయనయే. ఈ ద్వారము మిక్కిలి విశాలమైనది. కష్టము పేరు చెప్పక భార్య నగలు అడిగిన భర్త ఎవడు?

నేటి చట్టము ఆ ద్వారమును మూసినది. 1956 నాటి వారసత్వ చట్టము హిందూ స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ హక్కు నిచ్చినది. స్త్రీధనములో భర్తకు భాగము లేదని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పినది. కనుక భర్త ఒక్కడే దివాలా దరఖాస్తు పెట్టినచో (తెలుగునాట దీనినే ఐ.పి. పెట్టుట అందురు) రిసీవరు చేతికి చిక్కునది అతని ఆస్తియే. దరఖాస్తుకు ముందు రెండేండ్లలోపల అతడు ఇంటిని ఊరక భార్య పేర వ్రాసియున్నచో, 1920 నాటి దివాలా చట్టము ప్రకారము ఆ దస్తావేజు రిసీవరు ముందు నిలువదు. ఇది న్యాయమే. అప్పిచ్చినవాడు ఎల్లప్పుడును షావుకారే కానక్కరలేదు. కూతురి పెండ్లికి దాచిన సొమ్మును నమ్మి ఇచ్చిన వితంతువు కావచ్చును.

చిక్కు మరియొకచోట ఉన్నది. ఆ చట్టమే భర్తకు ఋణవిముక్తి కలిగినను అతనితో కలిసి అప్పు చేసినవారికి గాని, హామీ ఉన్నవారికి గాని విముక్తి లేదన్నది. ప్రామిసరీ నోటుపై భార్య సంతకము కూడ ఉన్నచో, భర్తను వదలిన అప్పులవాడు ఆమె గడపకు వచ్చును. విముక్తుడైన భర్తయు ఋణగ్రస్తురాలైన భార్యయు ఒకే వంటయింట భుజింతురు. ఆమె తెలిసియే సంతకము చేసినదని కోర్టు అనును. బలాత్కారము, మోసము, అనుచిత ప్రాబల్యము ఉన్నచో ఆమె తప్పించుకొనవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. కాని భోజనమువేళ కాగితము ముందుంచి, “ఇక్కడ ఒక సంతకము పెట్టు” అన్న మాట వీనిలో దేనికి చెందును? అక్కడ కోపము లేదు, అబద్ధము లేదు. కాదనుటకు చోటును లేదు.

హరిశ్చంద్రుని భార్య, తెలుగువారి చంద్రమతి, తన్ను అమ్మి ఋణము తీర్చుమని తానే చెప్పినది. ఆమె పతిభక్తిని కొనియాడినవారు పెక్కుమంది. చెప్పక ఊరకున్నచో ఆమెను ఏమనియుందురో ఆలోచించినవారు అరుదు.