ఓడిన ఆటలో గోలు

2022 జూలైలో ఒక రాత్రి. వంటిల్లు సర్దుకుని, పాలు తోడుపెట్టి హాల్లోకి వచ్చేసరికి మా అమ్మాయి కూర్చున్నచోటు నుంచి ఒక్క గెంతు గెంతింది. "అమ్మా! ఇంకా నిమిషం కూడా కాలేదే, అప్పుడే గోలు!" అంది. ఎవరు ఎవరికి కొట్టారో నాకేం తెలుసు? చెప్పొద్దూ, బంతి వెంట పరుగెత్తే వాళ్ళందరూ నా కంటికి ఒక్కలాగే కనిపిస్తారు.

అదే కూర్చోబెట్టి చెప్పింది. ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఆడవాళ్ళ యూరో ఫుట్‌బాల్ పోటీ జరుగుతోందట. ఫిన్లండుకీ, స్పెయినుకీ ఆట. గోలు కొట్టినావిడ లిండా సెల్‌స్ట్రోమ్, ఫిన్లండు జట్టులో ముందు వరసలో ఆడుతుంది. ఇంకో అయిదు రోజులకి ముప్పై నాలుగేళ్ళు నిండుతాయట.

ఆట ముగిసేసరికి స్పెయినుకి నాలుగు, ఫిన్లండుకి ఆ ఒక్కటే. మావారు పడుకోబోతూ, "కొట్టి ఏం లాభం? ఓడిపోయారుగా!" అనేసి వెళ్ళిపోయారు.

ఆయన మామూలుగానే అన్నారు. కాని ఆ "ఏం లాభం" అన్న మాట నాకు పాతదే. మా అత్తగారు మంచాన పడి పధ్నాలుగు నెలలున్నారు. ఆవిడ పోయాక పన్నెండో రోజు భోజనాల దగ్గర బంధువుల్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, జాలితోనే, "ఇంత చేశావు, ఏం లాభమమ్మా, దక్కలేదుగా" అంది. ఆ మాటకి జవాబు తోచక వడ్డనలో పడిపోయాను. ఇన్నేళ్ళూ తోచనే లేదు.

అంచేతనే కాబోలు, మర్నాటి నుంచి ఆ లిండా కబుర్లు అమ్మాయి చేత అడిగి అడిగి చెప్పించుకున్నాను.

2009లో ఈ యూరో పోటీ ఫిన్లండులోనే జరిగింది. తుర్కు నగరంలో ఇంగ్లండు మీద క్వార్టర్ ఫైనల్. ఇంగ్లండు మూడు, ఫిన్లండు ఒకటి. ఇంకో పది పన్నెండు నిమిషాల ఆట ఉందనగా ఇరవై ఒక్కేళ్ళ లిండా గోలు కొట్టింది. మూడూ రెండూ అయింది. అక్కడితో సరి. ఆ రోజూ ఓటమే.

తర్వాత స్వీడన్‌లో లిన్‌షోపింగ్, విట్‌షో లాంటి క్లబ్బుల్లో ఏళ్ళ తరబడి ఆడింది. మోకాలి గాయాలు ఆవిణ్ణి నెలలకి నెలలు మైదానం బయట కూర్చోబెట్టాయి. అయినా మళ్ళీ లేచి వచ్చింది. ఫిన్లండు తరఫున 130 ఆటలాడి 41 గోళ్ళు కొట్టిన లౌరా కల్మరి రికార్డును దాటేసింది.

2021 ఫిబ్రవరిలో పోర్చుగల్‌తో ఆట ఇక అయిపోతోందనగా ఒక గోలు కొట్టింది. ఆ గోలుతోనే ఫిన్లండుకి యూరోలో చోటు దొరికింది. తీరా వెళ్ళాక మూడాటలూ ఓటమే. ఆ మూడాటల్లోనూ కలిపి ఫిన్లండు కొట్టింది ఆ రాత్రి మేం చూసిన ఒక్క గోలే.

మరి మీరే చెప్పండి, ఓడిన ఆటలో కొట్టిన గోలు వృథాయేనా?

ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేసుకుపొమ్మంటారు పెద్దలు. మంచి మాటే గాని, నాకెందుకో పూర్తిగా మింగుడు పడలేదు. గోలు మీద ఆశ లేని మనిషి ముందు వరసలో ఎందుకు నిలబడుతుంది? తుర్కులో లిండా ఆ రెండో గోలు కొట్టింది, వెనకాలే మూడోది రావాలనే కదా! నేను మాత్రం? అత్తగారు లేచి తిరగాలని కోరుకోకుండానే పక్కబట్టలు మార్చానా? గట్టిగానే కోరుకున్నాను. కోరుకోలేదని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది.

నాకు తోచిందేమిటంటే, తిరకాసంతా మనం లెక్క ఎక్కడ కట్టేస్తామన్న దాంట్లో ఉంది. 2021 ఫిబ్రవరిలో కట్టేస్తే లిండా గోలు బంగారం. 2022 జూలైలో కట్టేస్తే "ఏం లాభం". గోలు అదే, మనిషీ ఆవిడే. ఇంకో సంగతి. ఆవిడ మొత్తం గోళ్ళ లెక్కలో గెలిచిన ఆటలవీ, ఓడిన ఆటలవీ అని వేరే గళ్ళు లేవు. గీత దాటిన బంతి దాటినట్టే. తర్వాత స్పెయిను నాలుగు కొట్టినంత మాత్రాన ఆ మొదటి నిమిషం వెనక్కి పోదు.

అలాగని, ఫలం దక్కనివాళ్ళకి "చేయడమే నీ ఫలం" అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. ఆడవాళ్ళ చాకిరీకి ఆ మాట చెప్పి తప్పుకోవడం లోకానికి బాగా అలవాటు. లిండా గోలు రాసుకోవడానికి ఒక పుస్తకం ఉంది. మన పనులు రాసేవాళ్ళెవరూ లేరు. కనీసం మనమైనా కొట్టెయ్యకుండా ఉండాలి కదా!

మా అత్తగారు ఒక మధ్యాహ్నం, అన్నాళ్ళకి మొదటిసారి, చారన్నం కలిపించుకుని నాలుగు ముద్దలు తిని, "ఉప్పు తక్కువే" అని నన్ను పాత పద్ధతిలోనే కోప్పడ్డారు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత రెండు నెలలకే పోయారు. ఆ మధ్యాహ్నం మాత్రం ఎక్కడికి పోతుంది?

2025 జూలైలో స్విట్జర్లండులో మళ్ళీ యూరో. లిండా ఇంకా జట్టులో ఉంది. ఫిన్లండు ఐస్‌లండు మీద గెలిచింది, నార్వే చేతిలో ఓడింది. మూడో ఆట స్విట్జర్లండుతో, మనకి అర్ధరాత్రి దాటాక. తొంభై నిమిషాలు నిండేసరికి ఫిన్లండుదే పైచెయ్యి. చివరి క్షణాల్లో స్విట్జర్లండు గోలు కొట్టి సమం చేసింది, ఫిన్లండు పోటీ నుంచి తప్పుకుంది. మూడు రోజులకి లిండాకి ముప్పై ఏడు నిండాయి.

ఆ రాత్రి మావారు కూడా మాతోపాటు మేలుకునే ఉన్నారు. ఏమంటారోనని ఆయన వైపు చూశాను. కాసేపటికి, "ఎంతసేపు నిలబడ్డారే!" అన్నారు.

పన్నెండో రోజు బంధువుకి నేను చెప్పాల్సిన జవాబు కూడా అదే అనిపించింది. లేచి వెళ్ళి ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.