ఎవరి ఎదుగుదల?

సెమిస్టర్ చివర్లో విద్యార్థినుల నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతూ, వారానికో పేజీ చొప్పున వాళ్ల గురించి వాళ్లనే రాయమన్నాను. ఆఖరి పేజీలో “ఈ నాలుగు నెలల్లో నేనెంత ఎదిగాను?” అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. దాదాపు అందరూ ఎదిగారు. బెరుకు పోయిందని, ధైర్యం వచ్చిందని రాశారు. చదువుతుంటే అనుమానం వచ్చింది. ఇది వాళ్ల ఎదుగుదలా, నేను వినాలనుకున్న జవాబా?

ఒక్కమ్మాయి మాత్రం “ఏది రాయకూడదో తెలిసింది మేడమ్” అని ఒకే వాక్యం రాసింది.

ఆ వాక్యం వెనక నేనున్నాను. ఆర్టీసీ పాసు మీద రోజూ పల్లె నుంచి వచ్చే పిల్ల. మిరప కోతల్లో కాలేజీకి ఎందుకు రాలేదో దాపరికం లేకుండా రాసింది. కౌలు చేలో అమ్మతో కలిసి పగలంతా కాయలు కోసిందట. రాత్రి చేతులు మండి పెన్ను పట్టుకోలేకపోయిందట. ఈ పంట డబ్బు తన పెళ్లికేనని ఇంట్లో అనుకుంటున్నారని, తనకిష్టం లేదని అదే పేజీ చివర రాసింది. నేను మురిసిపోయి దాన్ని క్లాసులో చదివి వినిపించాను. ఆమెను అడగలేదు. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. సాయంత్రం బస్సు కంటే ముందే ఆ మాట ఊరు చేరింది. వారం రోజులు ఆమె కాలేజీకి రాలేదు.

వచ్చాక తన గురించి రాయడం మానేసి నాయకురాలు నాగమ్మ గురించి రాసింది. గురజాలలో నలగామరాజుకు మంత్రిగా ఉన్న నాగమ్మ కథ ఆమె మాటల్లో మనకు దొరకదు. శ్రీనాథుడి పేర ఉన్న ‘పల్నాటి వీరచరిత్ర’లోనూ, కారంపూడి వీరుల ఉత్సవాల్లో చెప్పుకునే కథల్లోనూ ఆమె గురించి ఇతరులు చెప్పిందే ఉంది. మా అమ్మాయి నోట్‌బుక్కులో నాగమ్మ “నేను” అంటూ మాట్లాడింది. “కోడిపందెం గెలిస్తే మోసమన్నారు. ఓడిపోయి ఉంటే ఆడదానికి తెలివేదీ అనేవాళ్లు.”

అది వ్యక్తిగత రచన కాదని మార్కులు తగ్గించాను.

వ్యక్తిగతం కూడా రాజకీయమే అన్న మాట మనకు బలాన్నిచ్చింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ బతుకులు తామే చెప్పుకున్నాక ఆ చరిత్రే వేరుగా కనిపించింది. అయితే వాళ్లు దశాబ్దాల తర్వాత, వినడానికి వచ్చిన స్త్రీలతో మాట్లాడారు. మార్కుల కోసం కాదు. నా విద్యార్థిని రాసింది మార్కులు వేసే మనిషికి. మనసు విప్పమని అడిగే అధికారం కూడా అధికారమేనని నాకు అప్పటికి తోచలేదు.

మరి మౌనమే ఎదుగుదలా? అలా అంటే నా తప్పుకు మంచి పేరు పెట్టుకున్నట్టే. ఆమె నోరు నొక్కింది నేను. మిగిలిన కాస్త చోటులో నాగమ్మ గొంతు వెతుక్కుంది ఆమె. ఆ వెతుక్కోవడం ఆమెది, అందులో నాకు వాటా లేదు.

మార్కులు సరిచేశాను. పిలిచి క్షమించమని అడిగాను. “పర్లేదు మేడమ్” అంది. పర్లేదని నేననుకోవడం లేదు. తర్వాతి సెమిస్టర్లో ఆ ఆఖరి ప్రశ్న తీసేశాను. మడిచి పెట్టిన పేజీ విప్పనని మొదటిరోజే క్లాసులో మాటిచ్చాను. ఇప్పుడు చాలా పేజీలు మడతపెట్టే వస్తున్నాయి.