అభయం ఎవరి చేతిలో మొదలవుతుంది?

అభయమివ్వడమంటే ఆయుధం పట్టి కాపు కాయడమనే చాలామంది అనుకుంటారు. మాచర్ల పక్కన, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉన్న విజయపురిలో వెలిగిన బౌద్ధం మరో మాట చెప్పింది: పంచశీలం పాటించేవాడు, పాటించడంతోనే లెక్కలేనన్ని ప్రాణులకు అభయదానం చేస్తున్నాడని. తనకు ఇవ్వనిది ముట్టకపోవడమే ఎదుటివాడికి మొదటి భరోసా. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో గాంధారం, చీనా, యవన దేశాల పేర్లున్నాయి. ఘంటసాలగా పండితులు గుర్తించిన కంటకసోల రేవు పేరూ ఉంది. అలల చప్పుడు వినపడని పల్నాటి రాతినేలకు కూడా సముద్రం పరాయిది కాదు.

ఇవ్వనిది ముట్టకపోవడమే అభయమన్న ఆ మాటను రాజనీతిగా మార్చినవాడు కాకతి గణపతిదేవుడు. 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం పాత రాజుల తీరును దాచలేదు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలన్నీ వాళ్లు లాగేసుకునేవారు. తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనన్నాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం 30కి ఒకటి. ఇది ధర్మం కాదు, ఖజానా లెక్క అని ఎవరైనా అనవచ్చు. లాభం ఉన్న మాట నిజమే. కానీ లాక్కోగలిగినవాడు తన చేతిని తానే కట్టేసుకుని, ఎవరైనా ఎత్తిచూపేలా ఆ మాట రాతిలో చెక్కించాడు. లాభం దాని వెనకే వచ్చింది. ఫలితం దక్కినంత మాత్రాన ధర్మం ధర్మం కాకుండా పోదు. 1358లో అన్నపోతారెడ్డి అదే రేవులో మళ్లీ అభయమిచ్చాడంటే, ఆ మాటకు వర్తకుల్లో ఎంత విలువుండేదో తెలుస్తుంది.

బలమున్నవాడు ముందు తన చేతిని కట్టేసుకోవాలన్న ఈ కొలత నేటి ఆఫ్రికా జలాలకూ వర్తిస్తుంది. 2024 మార్చిలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా, ఎంవీ రుయెన్ ఓడపై 35 మంది సోమాలియా సముద్రపు దొంగలను లొంగదీసి, 17 మంది నావికులను విడిపించింది. ఆ పని చేయాల్సిందే. ఒడ్డున ఆకలుందని ఓడలోని కూలి మనిషి మెడ మీద తుపాకి పెట్టే హక్కు ఎవరికీ రాదు. అయితే 1991లో సోమాలియా ప్రభుత్వం కూలాక, కాపలా లేని ఆ తీరంలో పరదేశీ ట్రాలర్లు వలలతో ఊడ్చుకుపోయిన చేపలు ఎవరివి? దొంగలను పట్టడానికి నౌకలు పంపే దేశాలు తమ జెండా ఎగరేసే ట్రాలర్లను ఆపకపోతే, అది సగం అభయమే. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల 2013 నాటి యవుండే ఒప్పందం అక్రమ చేపల వేటనూ నేరాల్లో చేర్చింది. ఓడ దొంగతనాలను ఆపడానికే 2009లో పుట్టిన జిబూతి ఒప్పందాన్ని 2017లో జెడ్డాలో అక్రమ వేటదాకా విస్తరించారు. మన నౌకాదళం 2025 ఏప్రిల్‌లో టాంజానియాతో కలిసి దారెస్సలాంలో ఆఫ్రికా దేశాలతో విన్యాసాలు మొదలుపెట్టింది. ఆ స్నేహంలో తుపాకుల సాధనతో పాటు, ఏ ట్రాలర్‌కు ఎవరు అనుమతిచ్చారో, అది ఎంత పట్టుకెళ్లిందో తీరంలోని బెస్తవాడికి తెలిసేలా బయటపెట్టే ఒప్పందం కూడా ఉండాలి. ఆ లెక్క ముందుగా చూపాల్సింది బలమున్న దేశాలే, మనతో సహా.