దహనం ముందా, సభ ముందా? : ప్రభుత్వ అటవీ భూముల ప్రణాళికలో ప్రజాసమ్మతి - ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆంధ్రమహాభారతంలో ఆదిపర్వం ఖాండవ దహనంతో ముగుస్తుంది. సభాపర్వం మయసభా నిర్మాణంతో మొదలవుతుంది. అగ్నిదేవుడు అడవిని కోరాడు, కృష్ణార్జునులు మాట ఇచ్చారు, అడవి దగ్ధమైంది. ఆ మంటల నుండి బతికి బయటపడిన కొద్దిమందిలో ఒకడైన మయుడు ప్రాణం నిలిపిన కృతజ్ఞతతో పాండవులకు సభను కట్టి ఇచ్చాడు. కథాక్రమంలో దహనం ముందు, సభ తరువాత. అడవిలో ఉన్నవారిని అడగవలసిన ఘట్టం ఈ రెండింటి మధ్య ఎక్కడా లేదు. పురాణకథను ఆధునిక న్యాయంతో కొలవడం సరికాదు. అయినా ఆ క్రమం మాత్రం ఒక ప్రశ్నను మిగుల్చుతుంది. ప్రభుత్వ అధీనంలోని అడవుల విషయంలో సభ ఎప్పుడు జరగాలి? నిర్ణయానికి ముందా, తరువాతా?

భారతదేశంలో అటవీ భూముల్లో అత్యధిక భాగం ప్రభుత్వానివే. వాటి నిర్వహణకు అటవీశాఖ దీర్ఘకాలిక ప్రణాళికలు రూపొందిస్తుంది. వీటిలో ప్రజలకు భాగం ఉండాలన్న మాటను నేడు బహిరంగంగా కాదనేవారు అరుదు. వివాదం భాగస్వామ్యం అవసరమా అన్నదాని మీద లేదు, దేనిని భాగస్వామ్యం అనాలన్నదాని మీద ఉంది. అడగడం వేరు, అడిగినట్లు నమోదు చేసుకోవడం వేరు. ఈ భేదానికి గల నైతిక స్వరూపాన్ని తెలుగు ప్రాంతాల అనుభవం ఆధారంగానూ, వాటితో పోల్చదగిన రెండు ఇరుగుపొరుగు ఉదాహరణల ఆధారంగానూ పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

యజమాని - ధర్మకర్త

ప్రజలను అడగవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉందా అన్నది, అడవిపై ప్రభుత్వానికి ఉన్న హక్కు ఎటువంటిదన్న ప్రశ్నపై ఆధారపడి ఉంటుంది. యజమాని తన పొలంలో ఏ పంట వేయాలో ఊరిని అడగనక్కరలేదు. ప్రభుత్వం అడవికి ఆ అర్థంలో యజమాని అయితే ప్రజల అభిప్రాయం కోరడం దాని ఔదార్యమే అవుతుంది, బాధ్యత కాదు.

ఈ యాజమాన్యం ఎలా ఏర్పడిందో చరిత్ర చెబుతుంది. అడవులపై ప్రభుత్వ స్వామ్యాన్ని స్థిరపరిచిన 1878 నాటి అటవీ చట్టం తయారవుతున్న కాలంలో మద్రాసు రెవెన్యూ బోర్డు దానితో ఏకీభవించలేదు. ప్రెసిడెన్సీలోని అడవులు దాదాపు అన్నీ ఏదో ఒక గ్రామ సరిహద్దులోనివేననీ, వాటిపై గ్రామస్థులకు అనుభవ హక్కు ఉందనీ అది వాదించింది. చివరికి మద్రాసుకు 1882లో ప్రత్యేక చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం కూడా రిజర్వు అడవుల మార్గాన్నే అనుసరించింది.

రిజర్వు చేసే పద్ధతిలోనూ ఒక విధమైన ప్రజా భాగస్వామ్యం ఉండడం గమనార్హం. 1927 భారత అటవీ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అధికారి ఆ ప్రాంతపు భాషలో ప్రకటన వెలువరించాలి, హక్కులు కోరేవారికి మూడు నెలలకు తగ్గని గడువు ఇవ్వాలి. గడువులోగా కోరని హక్కులు, తగిన కారణం చూపితే తప్ప, 9వ సెక్షన్ ప్రకారం రద్దవుతాయి. రూపంలో ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని లిపి ఎరుగని కుటుంబాలకు, కొండ మీద వేరొక భాష మాట్లాడుకునే గూడేలకు ఆ ప్రకటన చేరే అవకాశమెంత? చేరినా, తరతరాలుగా నడిచిన దారిని హక్కుగా కాగితం మీద కోరాలన్న ఊహ వారికి కలిగే అవకాశమెంత? మౌనాన్ని అంగీకారంగా లెక్కించే ఏ పద్ధతి అయినా మాట్లాడే శక్తి లేనివారికే ఎక్కువ నష్టం చేస్తుంది.

గూడెం-రంప ప్రాంతంలో 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికీ, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం మరణంతో ముగిసిన గోండుల తిరుగుబాటుకూ కారణాలు అనేకం. పోడుపైనా, అటవీ వినియోగంపైనా విధించిన ఆంక్షలు రెండింటిలోనూ ఉన్నాయి. అడగవలసిన చోట అడగకపోతే సమాధానం మరొక రూపంలో వస్తుందని ఈ రెండు ఘటనలు తెలుపుతాయి.

స్వతంత్ర భారతంలో న్యాయస్థానాలు యాజమాన్య భావనను కొంత సవరించాయి. ప్రకృతి వనరులు ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న న్యాసమని సర్వోన్నత న్యాయస్థానం 1996లో బియాస్ నదీతీర భూమి కేసులో ప్రకటించింది. మరుసటి సంవత్సరం విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతపు గనుల లీజులకు సంబంధించిన సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనల్లోని ‘వ్యక్తి’ అన్న పదంలోకి ప్రభుత్వం కూడా వస్తుందని మెజారిటీ తీర్పు చెప్పింది. అంటే అక్కడి ప్రభుత్వ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజుగా ఇవ్వరాదు.

ఈ స్థితికి తెలుగులో చక్కని మాట ఉంది: ధర్మకర్త. దేవాలయ మాన్యాలు ధర్మకర్త అజమాయిషీలో ఉంటాయి, ఆయన సొంతం కావు. వాటిని ఎలా వినియోగించాడో ఆయన లెక్క చెప్పాలి. అడవి విషయంలో ప్రభుత్వం ధర్మకర్త అయినప్పుడు ప్రజలను అడగడం దయ కాదు, విధి. ఎవరి కోసం ఆస్తిని కాపాడుతున్నాడో వారికి తెలియకుండా దాని గతిని మార్చిన ధర్మకర్త, ఫలితం మంచిదే అయినా, తన ధర్మాన్ని తప్పినవాడే.

సేకరణ - సమ్మతి

ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే బహిరంగ విచారణను తెలుగులో ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నారు. ఈ పదబంధంలోని రెండవ మాట ఆలోచింపదగినది. తేనె, జిగురు, చింతపండు వంటి అటవీ ఫలసాయాన్ని సేకరిస్తారు. ప్రాజెక్టుల కోసం భూమిని సేకరిస్తారు. సేకరించిన వస్తువు సేకరించినవాడిది అవుతుంది. దానిని వాడాలా, పక్కన పెట్టాలా అన్నది అతని ఇష్టం. అభిప్రాయం కూడా సేకరణకు లోనైనప్పుడు చెప్పినవాడికి దానిపై అధికారం మిగలదు.

చట్ట నిబంధనల్లో కూడా ఇదే భావం కనిపిస్తుంది. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం జరిగే బహిరంగ విచారణకు కోరం అవసరం లేదు. ఎందరు వచ్చినా సభ జరిగినట్లే. వ్యక్తమైన అభ్యంతరాలు నమోదవుతాయి, పై అధికారులకు చేరుతాయి. కాని అవి ప్రాజెక్టును ఆపవలసిన పని లేదు. అదే సంవత్సరం పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల గుర్తింపు చట్టం దారి వేరు. దాని నియమాలకు 2012లో చేసిన సవరణల ప్రకారం గ్రామసభకు సభ్యులలో కనీసం సగం మంది హాజరు కావాలి. హాజరైనవారిలో మూడవ వంతు స్త్రీలు ఉండాలి. సామూహిక అటవీ వనరును కాపాడుకొనే, నిర్వహించుకొనే హక్కు గ్రామసభకు ఉంది. గ్రామసభ ఏర్పరిచే కమిటీ తయారుచేసిన నిర్వహణ ప్రణాళిక అటవీశాఖ ప్రణాళికలతో అనుసంధానం కావాలని కూడా నియమాలు చెబుతున్నాయి. మొదటి పద్ధతిలో పౌరుడు సాక్షి. రెండవ పద్ధతిలో అతడు నిర్ణేతలలో ఒకడు.

ఈ రెంటి నడుమ మరొక నమూనా ఉంది. 1990 జూన్‌లో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాల తరువాత, 1992 నుండి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. క్షీణించిన అడవులను తిరిగి పెంచడంలో గ్రామస్థులు శ్రమించారు, ఫలసాయంలో వాటా పొందారు. అయితే ఏ జాతి మొక్కలు నాటాలి, ఎక్కడ మేపు ఆపాలి అన్న సూక్ష్మ ప్రణాళికకు తుది ఆమోదం అటవీ అధికారిదే. పనిలోనూ ఫలంలోనూ భాగం దక్కి, నిర్ణయంలో దక్కకపోతే దానిని భాగస్వామ్యం అనడం కంటె పాలికాపు ఒప్పందం అనడం సమంజసం.

కాబట్టి నిజంగా అడగడానికి మూడు లక్షణాలు ఉండాలి. ప్రశ్న నిర్ణయానికి ముందు రావాలి. అడిగినవారి భాషలో, వారికి అర్థమయ్యే వివరాలతో రావాలి. ‘వద్దు’ అన్న జవాబుకు ఫలితం ఉండాలి. ‘వద్దు’ అనే వీలు లేని చోట ‘సరే’ అన్న మాటకు నైతిక విలువ లేదు.

ఒడిశాలోని నియమగిరిలో ఈ మూడింటికీ పరీక్ష జరిగింది. డోంగ్రియా కోంధులు నియమరాజుకు నెలవుగా కొలిచే ఆ కొండపై బాక్సైట్ తవ్వకాల ప్రతిపాదనను గ్రామసభల ముందు ఉంచాలని 2013 ఏప్రిల్ 18న సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి పరిశీలకుడిగా పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. కోంధుల కువి భాష, తెలుగు ఒకే ద్రావిడ ఉపకుటుంబానికి చెందినవి. ఆ భాషలో పలికిన మాట ఢిల్లీ నిర్ణయాన్ని నిలిపింది. అయితే కొండ చుట్టూ వందకు పైగా పల్లెలు ఉండగా పన్నెండింటినే ఎంచుకోవడం విమర్శకు గురైంది. ఎవరిని అడగాలో నిర్ణయించే అధికారం అప్పటికీ ప్రభుత్వం వద్దనే ఉండిపోయింది.

ఎవరి మాటకు ప్రాధాన్యం?

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. అడవి సమీప గ్రామానిది మాత్రమే కాదు. దాని నీరు దిగువ పట్టణాలకు చేరుతుంది. దానిలోని పులి దేశమంతటి వారసత్వం. ఇంకా పుట్టని తరాలకూ అందులో వాటా ఉంది. అటువంటప్పుడు కొన్ని వందల మంది ‘సరే’ లేదా ‘వద్దు’ అనడంతో విషయం ఎలా తేలుతుంది?

అభ్యంతరంలో సత్యం ఉంది. కాని దాని నుండి తీయవలసిన ముగింపు వేరు. వాటా ఉండడం, నష్టం భరించడం ఒకటి కాదు. పులుల అభయారణ్యం విస్తరిస్తే హైదరాబాదు పౌరుడు ఒక సంతృప్తిని పొందుతాడు. చెంచు కుటుంబం ఇల్లు వదులుకుంటుంది. మేలు పలుచగా అందరికీ పరుచుకొని, కీడు చిక్కగా కొందరి మీదనే పడుతున్నప్పుడు తలకొక ఓటు లెక్క న్యాయం కాజాలదు. ఎవరి మీద భారం పడుతుందో వారి మాటకు ప్రాథమ్యం ఉండాలి. అటవీ హక్కుల చట్టం వన్యప్రాణుల కీలక ఆవాసాల నుండి తరలింపునకు గ్రామసభ స్వేచ్ఛాపూర్వక సమ్మతిని తప్పనిసరి చేయడంలోని నీతి ఇదే.

ప్రాథమ్యం అంటే ఏకస్వామ్యం కాదు. స్థానికుల మాట మొదటిది, ఏకైకం కాదు. నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచుల ఆందోళన, దిగువన కృష్ణానదీ జలాలపై ఆధారపడినవారి భయం, పట్టణ పౌరుల నిరసన కలిసి నడిచాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. దగ్గరివారి మాట, దూరపువారి మాట అక్కడ ఒకటైనాయి.

అవి వేరైన సందర్భాలే కఠినమైనవి. పోడు భూముల వివాదం అటువంటిది. గోదావరి పరీవాహక అడవుల్లో ఛత్తీస్‌గఢ్ హింస నుండి తప్పించుకొని వచ్చి స్థిరపడిన గుత్తికోయలకు తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు తెగ గుర్తింపు లేదు. వారు అడవిని నరికితే నష్టపోయేవారిలో స్థానిక గిరిజనులూ ఉంటారు, వారిని తరిమితే నిలువనీడ కోల్పోయేవారు వారే. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో విధి నిర్వహణలో ఉన్న అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. పైన తీసుకొన్న నిర్ణయాల భారాన్ని క్షేత్రంలోని చిరుద్యోగి కూడా ప్రాణంతో చెల్లించే స్థితి అది. భారం భరించేవారిలో అతడినీ లెక్కించని న్యాయం అసంపూర్ణం. ఇటువంటి చోట సమ్మతి సూత్రం సులువైన జవాబు ఇవ్వదు. ఎవరెవరు కూర్చుంటే సభ పూర్తవుతుందో మాత్రం చెబుతుంది.

గ్రామసభ లోపల కూడా అసమానతలు ఉంటాయి. వంటచెరకు తెచ్చే స్త్రీ మాట కంటె గుత్తేదారుతో పరిచయమున్న పెద్దమనిషి మాట బిగ్గరగా వినిపించవచ్చు. స్త్రీల హాజరుకు నియమం పెట్టడం దీనికి కొంత విరుగుడు. పల్లెలో అసమానత ఉందన్న కారణంతో నిర్ణయాన్ని పై అధికారికి అప్పగించడం సరికాదు. ఆ అసమానత కార్యాలయంలోనూ ఉంది, అక్కడ అది కంటికి కనిపించదు, అంతే.

తెలిసినవారు ఎవరు?

అడవి నిర్వహణ శాస్త్రవిషయమనీ, అది నిపుణులకు వదలవలసినదనీ మరొక వాదం. ఎంత వెదురు కొడితే పొద తిరిగి చిగురిస్తుంది, నేల ఎంత మేపును తట్టుకుంటుంది అన్నవి జ్ఞానానికి సంబంధించిన ప్రశ్నలే. కాని వెదురును కాగితపు మిల్లుకు ఇవ్వాలా, మేదరుల బుట్టలకు ఇవ్వాలా అన్నది శాస్త్రం తేల్చగలిగే ప్రశ్న కాదు. అది విలువలకు సంబంధించినది. నిపుణుడు మొదటి ప్రశ్నకు చెప్పిన జవాబు చాటున రెండవ ప్రశ్నకు కూడా జవాబు చెప్పివేయడం ప్రణాళికల్లో తరచుగా జరిగే పొరపాటు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని గోండు గ్రామం మెంఢా-లేఖా ఈ విషయంలో మార్గం చూపింది. 2009లో సామూహిక అటవీ హక్కు పొంది, 2011లో వెదురు రవాణా పర్మిట్లను గ్రామసభ చేతనే ఇప్పించుకొనే అధికారం సాధించిన ఊరు అది. అక్కడ నిర్ణయసభ కంటె వేరుగా అధ్యయన బృందం ఉంటుంది. బయటి నిపుణులను కూడా పిలిచి ముందు విషయాన్ని నేర్చుకుంటారు, నిర్ణయం తరువాత గ్రామసభలో ఏకాభిప్రాయంతో జరుగుతుంది. అక్కడ నిపుణుడికి గురుస్థానం ఉంది, నిర్ణయం మాత్రం గ్రామసభదే.

పదజాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. పశువులు మేసి, పిల్లలు ఆడి, పండుగలు జరిగిన నేల రెవెన్యూ రికార్డులో ‘పోరంబోకు’ అయింది. శిస్తు లేని నేలకు పెట్టిన ఆ పేరు కాలక్రమంలో పనికిమాలిన మనిషిని తిట్టే మాటగా మారింది. రికార్డులో పేరు లేని దానికి విలువ లేదన్న భావం ప్రభుత్వ కార్యాలయం నుండి నాలుక మీదికి ఎలా చేరిందో ఈ ఒక్క పదం చెబుతుంది. ప్రణాళికకు ముందు జరగవలసిన మొదటి సంభాషణ ఆ నేలకు ఉన్న పేర్ల గురించి, వాడుకల గురించి జరగాలి.

ముగింపు

ప్రభుత్వ అడవుల ప్రణాళికలో ప్రజలు పాల్గొనడం వల్ల నిర్ణయాలు ఎప్పుడూ మెరుగవుతాయని చెప్పలేము. గ్రామసభ కూడా పొరపడవచ్చు. అయినా అడగవలసిన బాధ్యత ఫలితం మీద ఆధారపడినది కాదు. ధర్మకర్తకు, తాను ఎవరి ఆస్తిని కాపాడుతున్నాడో వారికి మధ్య ఉన్న సంబంధం నుండి అది పుడుతుంది. భారం మోసేవారిని ముందుగా, వారి భాషలో, ‘వద్దు’ అనే హక్కుతో అడగడం, దూరపువారి వాటాను ఆ తరువాత అదే సభలో చర్చకు పెట్టడం, నిర్ణయం ఏదైనా కారణాలను వారికి తిరిగి చెప్పడం - ఈ క్రమమే సేకరణను సమ్మతిగా మార్చుతుంది.

మయసభ వైభవాన్ని కావ్యం ఎంతగానో వర్ణించింది. ఆ సభలో నేలకు, నీటికి తేడా తెలియక దుర్యోధనుడు భంగపడ్డాడు. అడవిని కాల్చిన తరువాత కట్టిన ఆ సభలో కూర్చోవడానికి ఖాండవవాసులు మాత్రం మిగలలేదు. అడవి ఉండగానే, అందులోనివారు ఉండగానే కూర్చునే సభ ఆడంబరంగా ఉండనవసరం లేదు. చింతచెట్టు నీడ చాలు. అది ముందుగా జరగడమే ముఖ్యం.